మా ఓనరమ్మ పాలించిన కాలం

మా ఓనరమ్మ పోయారు. కబురు అందేసరికి నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్‌లో ఉన్నాను. లోపల మంత్రి వేషం వేసిన నటుడు "ఈ కుర్చీ ఎక్కడానికి మెట్లు చాలవురా, తలలు కావాలి!" అని మైకు ముందు గొంతు చించుకుంటున్నాడు. ఆ మాట రాసింది నేనే. ఫోన్లో మా ఆవిడ ఏడుస్తోంది. "టీ ఇద్దామని కిందికెళ్లానండీ. కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు. ప్రార్థన చేసుకుంటున్నారేమోనని కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను" అంది. లోపల ఆయన ఇంకా తలలు అడుగుతూనే ఉన్నాడు. నేను ఎవరికీ చెప్పకుండా బయటికొచ్చి బండి తీశాను.

ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే గల్లీలో ఆమె ఇల్లు. కింద ఆమె, పైన మేము. మెదక్ పక్క పల్లె నుంచి నర్సింగ్ చదువుకోడానికి వచ్చి, సర్కారు దవాఖానలో పనిచేసి రిటైరయ్యారు. భర్త ఎప్పుడో పోయారు, పిల్లల్లేరు. తెల్ల చీర, సన్నంచు. టీ గ్లాసు చేతికి తీసుకోగానే ఒక్క క్షణం కళ్లు మూసుకునేవారు. పేపర్లో మొదట చావు కబుర్ల పేజీ తెరిచి, ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసం కూడా ఓ ప్రార్థన చేసేవారు. మేం అద్దెకు దిగిన రోజున "మీరు దీపం పెట్టుకుంటరు, నేను పాట పాడుకుంట. ఇద్దరి సౌండు ఎక్కువైతే రైటర్ సారు ఎట్ల రాస్తడు? జర మెల్లగ సేసుకుందాం" అన్నారు. అంతకు మించిన అద్దె ఒప్పందం మా మధ్య ఎప్పుడూ జరగలేదు.

అలాంటి మనిషి ఒక విడత మా వైపు కార్పొరేటర్‌గా చేశారంటే కొత్తవాళ్లు నమ్మరు. ఒక పార్టీలో ఇద్దరు నాయకులు టికెట్టు కోసం కొట్టుకుంటుంటే, పైవాళ్లు విసిగిపోయి ఈమెకిచ్చారు. బస్తీలో ఆమె చేత సూది పొడిపించుకోని మనిషి లేడు, అదొక్కటే ఆమె బలం. నాకైతే భయమేసింది. రాత్రి అన్నం తిన్నాక డాబా మీద కూర్చోబెట్టి అడిగేశాను. "అమ్మా, మీ ప్రభువు చెప్పినవన్నీ చర్చిలో బాగుంటాయి. శత్రువుని ప్రేమించు, కొట్టినవాడికి రెండో చెంప చూపించు అంటే రాజకీయాల్లో రెండు చెంపలూ వాచిపోతాయి. పాలించేవాళ్లకి ఇవి కుదురుతాయా?"

ఆమె నవ్వారు. "నర్సుకు కుదిరింది కదా సారూ. రౌడీ వచ్చినా సూది ఏసిన, వాణ్ని పట్టుకొచ్చిన పోలీసాయనకూ ఏసిన."

"సూది నొప్పి పుడుతుంది కదండీ. అధికారమన్నాక ఎవరినో ఒకరిని నొప్పించాలి."

"అవు. అందుకే ముందే చెప్త. జర నొప్పి ఉంటది, ఓర్సుకో అని."

వాదనలో నేనే గెలిచానని అప్పట్లో అనుకున్నాను.

ఎన్నికల్లో ఆమె మీద నిలబడ్డది షెడ్డాయన. సినిమా సెట్లకు సింహాసనాలు, ఫైబరు విగ్రహాలు, థర్మాకోల్ స్తంభాలు అద్దెకిచ్చే పెద్ద షెడ్డు ఆయనది. గల్లీ అంతా ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. ప్రచారంలో ఆయన మనుషులు ఆటోకి మైకు కట్టి, ఈ నర్సమ్మ దవాఖాన మందులు అమ్ముకుని ఇల్లు కట్టిందని ఊదరగొట్టారు. ఆ సాయంత్రం ఆమె టీ తాగలేదు. ముట్టుకోకుండా అలా పెట్టేశారు. ఉద్యోగమంతా నిప్పులా బతికిన మనిషికి అంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది!

పార్టీవాళ్లు నా దగ్గరికొచ్చి, మర్నాటి సభకు గట్టి జవాబు రాసివ్వమన్నారు. నేను రెచ్చిపోయాను. చేతికి అలవాటైన పని కదా. ఇంటర్వెల్ ముందు హీరో చెప్పే మాటల్లా వచ్చాయి. రక్తం, లెక్క, రేపటి సూర్యుడు, అన్నీ పడ్డాయి. ఆమె కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, కాగితం నాకిచ్చేశారు.

"మంచిగుంది సారూ. ఇది చెప్పేటప్పుడు కత్తి ఏ చేతిల పట్టుకోవాలె?"

సభలో ఆమె మాట్లాడింది మూడు ముక్కలు. "ఆయన చెప్పింది అబద్ధం. నాకు మస్తు బాధైంది. నేనైతే ఆయనను క్షమించిన, ఇగ మీ ఇష్టం." పార్టీవాళ్లు తలలు పట్టుకున్నారు. జనం మాత్రం కొద్ది ఓట్ల తేడాతో గెలిపించారు. ఆ క్రిస్మస్‌కి షెడ్డాయన ఇంటికి కేకు పంపిస్తే, సొంత పార్టీ వాళ్లే ఆమెతో కొన్నాళ్లు సరిగ్గా మాట్లాడలేదు.

కార్పొరేటర్ అయ్యాక కూడా నర్సు నర్సే. అర్జీ పట్టుకొచ్చిన వాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, తను పక్కన నిలబడేవారు, రోగి మంచం పక్కన నిలబడ్డట్టు. "ఏడ నొస్తుంది చెప్పు" అనే అడిగేవారు. డ్రైనేజీ గురించి వచ్చినాయన ఒకడు నిజంగానే మోకాలు చూపించాడు. దానికీ మందు చెప్పి, డ్రైనేజీ సంగతీ చూశారు.

ఆమెకు అసలు పరీక్ష షెడ్డు దగ్గర ఎదురైంది. ఆ షెడ్డు సగం నాలా మీద కట్టారు. వానొస్తే నీళ్లు పోయే దారిలేక కింది గల్లీ ఇళ్లలోకి వచ్చేవి. ఎన్నాళ్లనుంచో ఎవరూ ముట్టుకోని సంగతది. మున్సిపల్ ఇంజినీరు ఫైలు తెచ్చి, మీరు ఊఁ అంటే కూలగొడతామన్నాడు. పార్టీవాళ్లు సంబరపడ్డారు. "ఇప్పుడు దొరికిండు మేడమ్, ఎన్నిమాటలన్నడు!" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆమె చెయ్యి ఆగిపోయింది.

రోజులు గడుస్తున్నాయి, ఆమె ఊఁ అనడం లేదు. ఉండబట్టలేక అడిగాను. "నాకు ఇంకా ఆయన మీద కోపం ఉన్నది సారూ. నోటితోని క్షమించిన గాని లోపల ఉన్నది. కోపంతోని సేస్తే అది పగ అయితది. అది పోయినంక సేస్త" అన్నారు. రోజూ పొద్దున్నే ప్రార్థనలో కూర్చునేవారు. కోపం పోలేదు. ఈలోగా వాన వచ్చింది.

అలాంటి వాన ఫిల్మ్‌నగర్‌లోనే చూస్తాం. కొండ మీద బంగళాల నీళ్లన్నీ కిందికి దూకాయి. షెడ్డు వెనక గోడ పడిపోయింది. కింది గల్లీలోకి బురదతో పాటు రాజమహలు కూడా కొట్టుకొచ్చింది. థర్మాకోల్ స్తంభాలు తేలుతూ వచ్చి గుమ్మాలకు అడ్డం పడ్డాయి. జనం వాటిని తోసుకుంటూ పిల్లల్ని ఎత్తుకుని బయటికొచ్చారు. దేవుడి దయవల్ల ప్రాణాలు పోలేదు. కుట్టు మిషన్లు, మంచాలు, బియ్యం, బడి పుస్తకాలు పోయాయి.

ఓనరమ్మ మోకాలి లోతు నీళ్లలో దిగి ఇల్లిల్లూ తిరిగారు. వెనక నేనున్నాను. బట్టలు కుట్టి బతికే ఒకామె, తడిసిన జాకెట్ల మూట ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంది. ఈమెను చూసి లేవలేదు.

"ఆయనను క్షమించినవంట కదా మేడమ్" అంది. "నీ చెంప నీది, ఎన్నిసార్లన్న సూపెట్టుకో. మా చెంప ఎందుకు సూపెట్టినవ్?"

ఎన్ని సినిమాలకు మాటలు రాసినా అలాంటి మాట నా కలంలోంచి రాలేదు. ఓనరమ్మ ఆమె పక్కనే ఆ గడప మీద, ఆ బురదలో కూర్చున్నారు. మూటలోంచి ఒక్కో జాకెట్టూ తీసి పిండి ఇవ్వడం మొదలుపెట్టారు.

ఇంటికొచ్చాక మెట్ల దగ్గర ఆగారు. "నా మనసు శుభ్రంగ ఉంచుకుందామని సూసిన సారూ. ఆమె ఇల్లు ఖరాబైంది" అన్నారు. "నాకు జరిగింది నేను క్షమించొచ్చు. ఆమెకు జరిగింది క్షమించనీకె నేనెవర్ని?" ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

మర్నాడు ఇంజినీరుకు ఊఁ అనేసి, సాయంత్రం నన్ను తోడు తీసుకుని షెడ్డాయన ఇంటికి వెళ్లారు. పార్టీవాళ్లు వద్దన్నారు. ముందే చెబితే కోర్టుకెళ్తాడని ఇంజినీరూ వద్దన్నాడు. షెడ్డాయన సోఫాలోంచి లేవకుండానే "ఏంది, బేరానికొచ్చినవా?" అన్నాడు.

"లేదు తమ్మీ. ఎల్లుండి పొద్దుగాల మిషన్లొస్తయి. నాలా మీది భాగం తీసేస్తరు. సామాను మోయనీకె మనుషులు కావాల్నంటే నేను పిలుస్త. స్టూడియోల ఖాళీ జాగ అడిగిన, పెట్టుకోనిస్తమన్నరు. జర నొప్పి ఉంటది. ఎవరో చెప్తే తెల్సుడు కన్న నేను చెప్పుడు మంచిదని వచ్చిన."

ఆయన లేచాడు. పగ అన్నాడు, దొంగ భక్తి అన్నాడు, ఇక్కడ రాయలేనివీ అన్నాడు. నేను నోరు విప్పబోతే ఆమె నా చెయ్యి పట్టుకున్నారు. చివరిదాకా విని, "నన్ను ఎంతన్న అను. ఎల్లుండి మాత్రం ఆగదు" అని బయటికొచ్చేశారు. దారిలో "ఇంకా కోపం ఉందా అమ్మా?" అని అడిగాను. "ఉన్నది. ఉండనియ్యి. పని దాని చేతిల పెట్టలే" అన్నారు. మనిషి కాస్త తేలికపడ్డట్టు నడుస్తున్నారు.

ఆయన కోర్టుకెళ్లలేదు. ఎందుకెళ్లలేదో నాకిప్పటికీ తెలియదు. షెడ్డు ఖాళీ చేసిన రోజు రోడ్డు పొడుగునా సింహాసనాలు. నీళ్లలో మునిగిన వాళ్లలోనే కొందరు కుర్రాళ్లు వచ్చి సామాను మోశారు. కుట్టుపని ఆమె మాత్రం రాలేదు, "నాకింకా మండుతున్నది" అంది. అదీ న్యాయమే అన్నారు ఓనరమ్మ. ఎవడో సరదాగా "మేడమ్, సింహాసనం మీద కూసోండ్రి, ఫోటో తీస్త" అంటే, "అంత ఎత్తుకెక్కితే మోకాళ్లు దిగనియ్యవు బిడ్డా" అని నవ్వేశారు.

ఆ తర్వాత కింది గల్లీలోకి నీళ్లు రాలేదు. అయినా తర్వాతి ఎన్నికల్లో ఆమె ఓడిపోయారు. గెలిచింది షెడ్డాయనే. నాకు ఒళ్లు మండిపోయింది. "చూశారా, మంచితనం ఏం చేసిందో!" అని కిందికెళ్లి కేకలేశాను. ఆమె చిక్కుడుకాయలు వలుచుకుంటున్నారు.

"మంచిగ ఉండుమన్నడు ప్రభువు. గెలిపిస్తనని మాట ఇయ్యలే" అన్నారు. "సారూ, అయిదేండ్లు కుదిరింది కదా. కుదరనే కుదరదంటిరి మీరు."

నేను ఊరుకునే రకం కాదు. "గల్లీ వేరు, దేశం వేరు. పోలీసుల్ని, సైన్యాల్ని నడిపేవాళ్లు ఇలా ఉండగలరా?" అన్నాను.

"నాకు గల్లీ దాకనే ఎరుక. పెద్దోళ్లకు కుదురుతదో కుదరదో, వాళ్లు ఒక్కపారన్న సేసి సూస్తే కదా తెలిసేది" అన్నారు. ఆ ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు నేను ఎక్కడా వినలేదు. నిజం చెప్పాలంటే అప్పట్నుంచి నా అనుమానానికి పదును తగ్గింది.

సమాధి కార్యక్రమానికి బస్తీ బస్తీ అంతా కదిలింది. బొట్లు పెట్టుకున్నవాళ్లు, టోపీలు పెట్టుకున్నవాళ్లు, ఎవరికి వచ్చినట్టు వాళ్లు పాటకు పెదవులు కదిపారు. షెడ్డాయన వచ్చి చివర్న నిలబడ్డాడు. మాట్లాడమంటే వద్దని చెయ్యి ఊపి, మట్టి వేసి వెళ్లిపోయాడు. ఆమె లేని ఇంటికి తిరిగొచ్చి మెట్లెక్కుతుంటే నాకు దుఃఖం ఆగలేదు. నాకు అమ్మ రెండోసారి పోయినట్టనిపించింది.

ఆ మర్నాడు సాయంత్రం పాల ప్యాకెట్టు కోసం గల్లీ చివరికి వెళ్లాను. అక్కడ రోడ్డు వెడల్పు చేయడానికి తోపుడు బండ్లు తీసేస్తారని అందరూ అనుకుంటున్నదే. మిర్చి బజ్జీల బండి నడిపే ఆమె ముందు షెడ్డాయన నిలబడి ఉన్నాడు. కారు లేదు, పక్కన ఒక్క మనిషే. పోయిన ఎన్నికల్లో ఆమె తన బండికి ఓనరమ్మ ఫోటో కట్టుకుని ఈయనకి వ్యతిరేకంగా తిరిగింది.

"బుధవారం తీస్తరక్కా. నేనే చెప్దామని వచ్చిన. మూల మీద వేరే జాగ సూపిస్త" అంటున్నాడు.

ఆమె అందుకుంది. ఆయన్నీ, ఆయన పార్టీనీ, ఆయన తాతముత్తాతల్నీ కలిపి తిట్టింది. గల్లీ అంతా ఆగి చూస్తోంది. పక్కనున్న మనిషికి రోషం పొడుచుకొచ్చి "ఏయ్, ఎవరితోని మాట్లాడుతున్నవ్?" అని ముందుకొచ్చాడు. షెడ్డాయన వాడి ఛాతీ మీద చెయ్యి వేసి వెనక్కి నెట్టాడు.

"అననియ్యి" అన్నాడు.

ఆమె ఆగలేదు. ఆయన కదల్లేదు. నూనె మూకుడు పక్కన, మొహానికి పట్టిన చెమట తుడుచుకోకుండా, ఆమె మాటలన్నీ అయ్యేదాకా ఆ కార్పొరేటర్ అక్కడే నిలబడి ఉన్నాడు.