గట్టు త్రిమూర్తులు బిగించిన కంప్యూటర్

నాకు నోటిదురుసు ఉంది. ఎవరో అన్నమాట కాదు, నేనే ఒప్పుకుంటున్నాను. 2003లో నరసాపురంలో ఒక కంప్యూటర్ షాపులో పనిచేసే రోజుల్లో ఆ దురుసుతోనే ఒక పెద్దమనిషిని బాధపెట్టాను. ఆయన పేరు త్రిమూర్తులు. తిరిగి ఒక్క మాట కూడా తూలలేదు. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటూ ఉంటుంది.

ఆయనది సముద్రం ఒడ్డున బియ్యపుతిప్ప. చేపల వేట పడవల ఇంజన్లు బాగుచెయ్యడం ఆయన పని. అప్పటికి నలభై అయిదేళ్లుంటాయి. పుట్టింది వేటాడే ఇంట్లోనే గానీ, పడవెక్కి నాలుగు అలలు దాటితే చాలు, కడుపులో ఉన్నదంతా బయటికొచ్చేసేదట. మూడుసార్లు ప్రయత్నించి, మూడుసార్లూ ఈయన్ని దించడానికే పడవ వెనక్కి తిప్పాల్సొచ్చాక, తండ్రి విసుగెత్తి ఇంజన్ల షెడ్డులో పనికి పెట్టాడు. ఊళ్ళో అందరూ గట్టు త్రిమూర్తులు అంటారు. ఆయన బాగుచేసిన ఇంజన్లు ఎక్కడెక్కడికో వెళ్ళొస్తాయి, ఆయన మాత్రం గట్టు మీదే నిలబడి చూస్తుంటారు.

మా షాపు పక్కన ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. వాళ్ళ జనరేటర్ మొరాయిస్తే ఈయన్ని పిలిపించారు. బాగుచేశాక, లోడు లాగుతోందో లేదో చూద్దామని కంప్యూటర్లన్నీ ఒకేసారి వేశారు. ఒకదాంట్లో కార్ల రేసు నడుస్తోంది. ఈయన ఊరికే కూర్చుని బటన్ నొక్కారు, గంటసేపు లేవలేదు. కారు కొండలెక్కింది, వంతెనలు దాటింది, ఈయన కడుపు మాత్రం కదల్లేదు. జీవితంలో మొదటిసారి తానూ ఎక్కడికో వెళ్ళొచ్చినట్టు అనిపించిందని తరవాత నాతో చెప్పారు.

మర్నాడే మా షాపుకొచ్చి, రేసు బాగా ఆడే కంప్యూటర్ కావాలన్నారు. అప్పుడే ఒక కొత్త మదర్‌బోర్డు విప్పి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళు మెరిశాయి. చెయ్యి చాపారు. గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు. నేను బోర్డు చటుక్కున వెనక్కి లాక్కున్నాను.

"ముట్టుకోకండి. ఆ జిడ్డు చేతులతో ముట్టుకుంటే పాడైపోతుంది" అన్నాను.

షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. ఇవన్నీ ఎవరు బిగిస్తారని అడిగారు. మా దగ్గర మనిషి ఉన్నాడని చెప్పాను.

"నేనే బిగించుకుంటానండి. సామాన్లే ఇవ్వండి" అన్నారు. "నా చేత్తో ఇది తిరగలేదనుకోండి, మొత్తం తెచ్చి మీ బల్ల మీద పెట్టి, మీరన్నది నిజమేనని నలుగురిలో ఒప్పేసుకుంటానండి. ఆయ్."

నవ్వుతూనే అన్నారు గానీ, ముప్ఫై ఏళ్ళ పనితనాన్ని పందెం కాసేస్తున్నారని నాకు తెలిసింది. క్షమించమని అప్పుడే అనాల్సింది. నాలాంటి వాళ్ళకి అన్ని మాటలూ వస్తాయి, ఆ ఒక్కటి తప్ప.

ఆ తరవాత అయిదు నెలలు, స్పేర్ పార్టుల కోసం నరసాపురం వచ్చినప్పుడల్లా మా షాపులో అడుగుపెట్టేవారు. ముందు కిరసనాయిలు, తరవాత సబ్బుపొడి, ఆపైన నిమ్మచెక్క వేసి తోమడంతో చేతులు ఎర్రగా కందిపోయి ఉండేవి. అయినా ఏదీ ముట్టుకునేవారు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, కాస్త తిప్పి చూపించండి అని నన్నే అడిగేవారు. చూసినదాన్ని నోటుబుక్కులో బొమ్మ వేసుకునేవారు. ఇది ఎంత లాగుతుంది, ఎంత వేడెక్కుతుంది, గాలి ఎటునించి వెళ్తుంది, ఇవే ప్రశ్నలు. పవర్ సప్లై ఎన్ని హార్స్‌పవరని అడిగితే పగలబడి నవ్వాను. ఆయన ఆ నోటుబుక్కులోనే లెక్కవేసి, మేం ఇవ్వబోయేది ఆటలో బొమ్మల్ని నడిపే గ్రాఫిక్స్ కార్డుకి చాలదని తేల్చారు. నిజంగానే చాలదు.

మానిటర్ పెద్దది కొంటే కార్డు చిన్నది తీసుకోవాల్సొస్తుందని చెప్పాను. అందరూ మానిటరే పెద్దది కావాలంటారు. ఈయన మాత్రం, అద్దం చిన్నదైనా పర్లేదండి, ఇంజన్ గట్టిదుండాలి అన్నారు. అలా ఒక్కొక్కటే కొనుక్కెళ్ళారు. ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం మొదలవగానే పడవలన్నీ గట్టుకి చేరాయి, రిపేర్లతో ఆయనకి ఊపిరాడలేదు. జూన్‌లో పడవలు మళ్ళీ వెళ్ళాక, షెడ్డు ఖాళీ చేసుకుని బిగింపుకి కూర్చున్నారు.

రెండోవారంలో ఒక ఉదయం షాపుకి ఫోనొచ్చింది. ఆయన భార్య మహాలక్ష్మమ్మ, బూత్ నుంచి చేస్తోంది. నిన్న మధ్యాహ్నం బిగించడం అయిపోయిందట. స్విచ్ వేస్తే పెట్టె కూస్తోంది గానీ బొమ్మ రావడం లేదట.

"ఆయన నిన్నటినుంచీ అన్నం ముట్టలేదమ్మా. రేపు అన్నీ మూటగట్టి మీ షాపుకి తెస్తానంటున్నారు. నేను ఫోన్ చేశానని చెప్పకండేం" అంది.

గెలిచినదాన్ని నేనే కదా, సంతోషించాలి. కానీ సెలవు చెప్పి, సీడీలు సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను.

వెళ్ళేసరికి బల్ల మీద కేబినెట్, దానికి పసుపూ కుంకుమా, పక్కన కొట్టిన కొబ్బరిచిప్పలు. పడవ యజమాని అబ్బులుగారు కుర్చీలో కూర్చుని, ఇంకోసారి గట్టిగా నొక్కి చూడరా అని సలహా ఇస్తున్నారు. త్రిమూర్తులుగారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఈ పక్కకి పనిమీద వచ్చానని అబద్ధమాడాను.

పక్క రేకు తీసి లోపలికి చూశాను. తప్పు పడదామన్నా దొరకలేదు. ఒక్క మర వంకరగా లేదు. వైర్లన్నీ వల అల్లే దారంతో కట్టలు కట్టి, గాలికి అడ్డం రాకుండా ఓ పక్కకి లాగి ఉన్నాయి. మా షాపులో బిగించినవి ఏనాడూ అంత పొందికగా లేవు. స్విచ్ వేశారు. పొడుగ్గా ఒక కూత, ఆగి మళ్ళీ ఒక కూత. ర్యామ్, అంటే మెమరీ పలక, అందడం లేదని దానర్థం అని చెప్పాను. ఆయన ర్యామ్ ఊడదీసి చూపించారు. కింద బంగారు రంగు పళ్ళుండాలి. వాటినిండా గ్రీజు.

"ఉప్పుగాలి కదండీ" అన్నారు. "ఇక్కడ ఏ లోహాన్నీ ఊరికే వదలకూడదండి, నెల తిరక్కుండా తినేస్తుంది. అన్నిటి పళ్ళకీ రాశాను, కార్డుక్కూడా."

చేతులు అన్నిసార్లు తోముకుని, చివరికి గ్రీజు డబ్బాలో తానే వేలు ముంచారు. ఆ తీరంలో సైకిల్ చైనుకీ, తలుపు గడియకీ, కత్తెరకీ రాయనివాళ్ళుండరు. ఆయన దృష్టిలో అది వస్తువుని కాపాడుకోవడం. నాకు నవ్వు పొంగుకొచ్చింది. ఇప్పుడు నవ్వానంటే ఈయన జన్మలో దీన్ని మళ్ళీ ముట్టుకోరని తెలిసి, మింగేశాను.

చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాను. పళ్ళకీ పళ్ళకీ మధ్య ఏ అడ్డూ ఉండకూడదని, తగిలితేనే కరెంటు నడుస్తుందని చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి నుదురు కొట్టుకున్నారు.

"బ్యాటరీకైనా బిగించాకే కదండీ గ్రీజు రాస్తాం, ముందు రాస్తామా" అన్నారు.

మహాలక్ష్మమ్మ ఊళ్ళో నర్సునడిగి స్పిరిట్, దూది తెచ్చింది. పక్కింటి బడిసంచిలోంచి రబ్బరు ముక్క వచ్చింది. ఆయన దూదితో తుడిచి, పళ్ళని రబ్బరుతో రుద్ది, బోర్డు గాడుల్ని స్పిరిట్‌లో ముంచిన కొత్త టూత్‌బ్రష్‌తో శుభ్రం చేశారు. నేను చెప్పడమే గానీ వేలు కూడా తగిలించలేదు. ఆరడానికి వదిలి, అందరం చేపల పులుసుతో అన్నం తిన్నాం. మొదట కూర్చున్నది ఆయనే.

మళ్ళీ బిగించి స్విచ్ వేశారు. ఒకే ఒక్క పొట్టి కూత, తెర మీద తెల్లటి అక్షరాలు. త్రిమూర్తులుగారు చెవి కేబినెట్‌కి ఆనించి ఫ్యాన్ శబ్దం విన్నారు, కళ్ళు తుడుచుకున్నారు. సాఫ్ట్‌వేరంతా ఎక్కించి రేసు మొదలెట్టేసరికి సాయంత్రం నాలుగైంది. ఆయన కారు కొండ ఎక్కుతుంటే, ఒరే గట్టు దాటేశావురా అని అబ్బులుగారు చంకలు గుద్దుకున్నారు.

ఆ సందడిలోనే నేను చెప్పేశాను, ఆ రోజు నేనన్న మాట తప్పని, క్షమించమని. ఏ మాటండీ అన్నారాయన, ఏమీ ఎరగనట్టు. లేచి కుర్చీ నాకిచ్చారు. ఎన్నో కంప్యూటర్లు అమ్మాను గానీ ఆట ఆడింది లేదు. భయం భయంగా కీ మీద వేలి కొస ఆనించాను. కారు వెళ్ళి గోడకి గుద్దుకుంది. గబుక్కున చెయ్యి తీసేశాను.

వెనకనించి త్రిమూర్తులుగారు అన్నారు, "గట్టిగా నొక్కండమ్మా. ముట్టుకుంటే పాడైపోదండి."

నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను.