పారిస్‌కు పోయిన పంచాంగం

మా మరిది త్యాగరాజన్‌కు బియ్యం ధర ఎందుకు పెరుగుతుందో తెలుసు. ఎంత పెరిగిందో మాత్రం తెలియదు. పెరగడం మీద ఫ్రెంచిలో ఇరవై పేజీలు రాశాడు. ఆ రాసినన్నాళ్ళూ అంగడికి పోయి బియ్యం తెచ్చింది నేను.

అప్పుడు పుదుచ్చేరి ఫ్రెంచి దొరల చేతిలో ఉండేది. మొదటి పెద్ద యుద్ధం ముగిసి ఏడెనిమిదేళ్ళయింది. నేను బాహూరు నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చి రెండేళ్ళు. మా ఆయనకు మిల్లులో పని. తమ్ముడు త్యాగరాజన్ ఫ్రెంచి చట్టాల బడిలో చదివి పట్టా తెచ్చుకున్నాడు. మా వీధి మొత్తానికి అదే మొదటి పట్టా. కోర్టులో గుమాస్తా పని సిద్ధంగా ఉంది. మా మరిదికది ఆనలేదు. పారిస్ పోయి అర్థశాస్త్రంలో డాక్టరేటు చేస్తానన్నాడు.

పక్కింటి కుప్పమ్మాళ్ మా అరుగు మీద కూర్చుని విచారించింది.

"అదేం చదువు నాయనా?"

"జనం ఎందుకు బీదగా ఉండారో కనిపెట్టే చదువత్తా."

"దానికి ఓడెక్కాల్నా? నన్నడుగు, ఈడే చెప్తా. నువ్వు పారిస్ చూసొచ్చినట్టే అనుకో."

మా ఆయన మాత్రం ఒక షరతు పెట్టాడు. ఒక్కసారి దరఖాస్తు పెట్టుకో, వస్తే పో, రాకపోతే మారు మాట్లాడకుండా కోర్టులో చేరు అన్నాడు. త్యాగరాజన్ ఒప్పుకున్నాడు. ఆ పారిస్ ప్రొఫెసరు దగ్గర బయటి దేశాలవాళ్ళకు ఉన్నది ఒక్క చోటే. ఆ ఒక్కటీ తనకోసమే ఖాళీగా ఉందని వీడి నమ్మకం.

వాళ్ళడిగిన కాగితాలు నాలుగు. పట్టా, పుట్టిన తేదీ కాగితం, పరిశోధన దేని మీదో చెప్పే వ్యాసం, చదువు చెప్పిన దొర ఇచ్చే సిఫారసు ఉత్తరం. దొర రాసిచ్చాడు: "ఇతను గొడవ చేయడు. చేతిరాత చక్కగా ఉంటుంది." ఆ రెండు ముక్కలకే మా వాడికి మూడు రోజులు కాలు నేల మీద నిలవలేదు.

మన భాషలో ఉన్న ఏ కాగితమైనా కోర్టు అనువాదకుడు ఫ్రెంచిలోకి మార్చి, ముద్ర వేసి, అన్నిటినీ ఒకే కట్టగా లక్కతో అంటించి పంపాలి. అది రూలు. ఆ అనువాదకుడు ఇరుసప్పన్ మాకు దూరపు చుట్టం. కాగితాలు ఆయనకిచ్చి రమ్మని నన్ను పంపారు. నేను గడప దాటుతుండగా మా అత్త ధనభాగ్యం కొంగు పట్టుకుని ఆపింది. చేతిలో పంచాంగం నుంచి చింపిన ఆకు.

"ఇదీ అందులో పెట్టు. వాడితో చెప్పబాక."

"ఏందత్తా ఇది?"

"ఉగాదినాడు పంతులు చదివినాడు కదా! ఈ ఏడు వాడి రాశికి ఆదాయం పదకొండు, వ్యయం అయిదు, రాజపూజ్యం ఆరు, అవమానం ఒకటి. సంబంధం అడిగేటప్పుడు పిల్లోడి మంచి మనం చెప్పుకోకపోతే ఎవురు చెప్తారు? ఆ దొర ఏం రాసినాడు, చేతిరాతంట! చేతిరాత చూసి ఎవురన్నా పిల్లనిస్తారా?"

నాకది న్యాయంగానే తోచింది. వీడిది కర్కాటక రాశి, అంటే ఎండ్రకాయ. ఆకు చింపితే ఒక్క రాశే రాదు కదా, పన్నెండూ వచ్చాయి. ఇరుసప్పన్ మామ తలెత్తి చూడకుండా పన్నెండూ ఫ్రెంచిలోకి దింపాడు. మేకకింత, ఎద్దుకింత, ఎండ్రకాయకింత. కింద ముద్ర వేశాడు. కట్ట ఓడెక్కింది.

మూడు నెలలకు జవాబొచ్చింది. త్యాగరాజన్ నడిమింట నిలబడి, చదువుతూ మాకు తెలుగులో చెప్పాడు. "మీ వ్యాసం చూశాను. బియ్యం ధర మీద ఇలాంటివి నా దగ్గర నలభై ఉన్నాయి." అక్కడ వీడి గొంతు దిగింది. "అయితే మీరు జతచేసిన పట్టిక అమోఘం. మీ దేశంలోని పన్నెండు తెగల ఆదాయ వ్యయాలు, ముఖ్యంగా ఆ ఎండ్రకాయ తెగవారి పొదుపు, నన్ను ఆశ్చర్యపరిచాయి. మేము డబ్బు వరకే లెక్కపెట్టాం. గౌరవాన్నీ అవమానాన్నీ కూడా లెక్కపెట్టినవారిని నేనెరగను. ఈ లెక్కలు ఇంటింటికీ తిరిగి రాసుకున్న పుస్తకాలు మీ దగ్గర ఉంటాయి కదా, వెంటనే పంపండి. అవి అందితే చోటు మీది."

"ఏ పట్టిక?" అన్నాడు త్యాగరాజన్.

నేను పొయ్యి వైపు చూశాను. మా అత్త ఇంటి కప్పు వైపు చూసింది.

సంగతి తెలిశాక వాడు ఇరుసప్పన్ మీదికి పోయాడు. "చదవకుండానే ముద్రేసినావా మామా?"

"నాకు జీతం మార్చేదానికి ఇస్తారబ్బాయ్, చదివేదానికి కాదు."

ఇంటికొచ్చి తల పట్టుకున్నాడు. మా అత్త మాత్రం నిబ్బరంగా ఉంది. "అవునని రాసి పంపెయ్ నాయనా. ఆ దొర ఈడికొచ్చి ఎండ్రకాయల్ని లెక్క పెడతాడా?"

"అబద్ధం రాయలేనమ్మా."

"అయితే పుస్తకాలు నిజంగానే రాయరాదా?" అన్నాను నేను. తప్పులో సగం నాది కదా, నోరు ఊరుకోలేదు.

ఆ మాట పట్టుకున్నాడు. తర్వాతి ఓడకు నెల గడువు. మూడు నోటు పుస్తకాలు కుట్టించి, పేజీకి నాలుగు గడులు గీసి, వీధిలో పడ్డాడు. తోడుకు నన్ను పిలిచాడు, ఆడవాళ్ళు మాట్లాడాలంటే నేనుండాలి గనక.

మొదటి ఇల్లు కుప్పమ్మాళ్‌ది. "నెలకు మీ ఇంటి సంపాదన ఎంతత్తా?"

"ఎందుకు, పన్నేసేదానికా? ఎవురు పంపినారు నిన్ను?"

"సరే, ఖర్చెంత?"

"సంపాదన చెప్పనిదాన్ని ఖర్చు చెప్తానా?"

వాడు చెమట తుడుచుకున్నాడు. "పోనీ, ఈ ఏడు మీకు జరిగిన అవమానాలెన్ని?"

కుప్పమ్మాళ్ చాప పరిచింది. మజ్జిగ తెచ్చింది. "కూర్చో నాయనా. ఈ ఏడువేనా? పెళ్ళినాటి నుంచి చెప్పేనా?"

అన్ని ఇళ్ళలోనూ ఇదే తంతు. ఆదాయమంటే తలుపు, అవమానమంటే చాప. రాజపూజ్యం గడి నిండడమే కష్టమైంది. మిల్లులో పనిచేసే మరగతం వెతికి వెతికి ఒకటి చెప్పింది.

"ఒకనాడు గేటు కాడ దొర నాకు టోపీ తీసి దండం పెట్టినాడు. ఆనక చూస్తే నా ఎనకాల ఇంకో దొర నిలబడుండాడు."

"ఇది ఏ గడిలో రాసేది వదినే?" అన్నాడు త్యాగరాజన్ నా చెవిలో.

"రెండింట్లోనూ రాయి" అన్నాను.

నెల తిరిగేసరికి ఆదాయం, వ్యయం గడులు తెల్లగా ఉన్నాయి. అవమానం గడి చాలక అంచుల్లో కూడా రాశాడు. పుస్తకాలతోపాటు ఒక ఉత్తరం పెట్టాడు: "మొదటి పట్టిక మా అమ్మ పంచాంగంలోది. దాన్ని గ్రహాలు తయారు చేశాయి. ఈ పుస్తకాలు నేను తయారు చేశాను."

మళ్ళీ మూడు నెలలు. ఈసారి ఉత్తరం నాలుగు ముక్కలే. ఆదాయం గడి ఖాళీగా ఉన్నది అర్థశాస్త్రం కాదు. చోటు వేరొకరికి ఇచ్చాం. పుస్తకాలు తిప్పి పంపుతున్నాం. చేతిరాత చాలా చక్కగా ఉంది.

అన్నకిచ్చిన మాట ప్రకారం త్యాగరాజన్ కోర్టులో చేరాడు, ముప్పై ఏళ్ళు చేశాడు. పొద్దున పనికి పోయేలోపు మా అరుగు మీద జనం ఉండేవాళ్ళు. మేస్త్రీ కొట్టాడనీ, కూలి ఎగ్గొట్టాడనీ అర్జీ రాయించుకోడానికి వచ్చేవాళ్ళు. "నాది రెండో పుస్తకంలో ఉండాది, చూడయ్యా" అనేవాళ్ళు. వీడు చూసి, తేదీతో సహా ఫ్రెంచిలోకి దింపేవాడు. చక్కని చేతిరాత గనక దొరలు చదివేవాళ్ళు. కొన్నిటికి న్యాయం కూడా జరిగేది.

అదంతా తర్వాతి మాట. ఆ ఉత్తరం వచ్చిన రోజు మాత్రం వాడు గోడకు తిరిగి పడుకున్నాడు. అన్నానికి లేవడు. మా అత్త పోయి పక్కన కూర్చుంది.

"అవమానం ఒకటని పంతులు చెప్పలేదా? ఇదే అది. వచ్చేసింది, అయిపోయింది. ఇంక ఈ ఏడుకు లేదు. లేచి అన్నం తిను."

వాడికి నవ్వొచ్చింది. లేచి కంచం ముందు కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని, మెతుకుల వైపు చూస్తూ అడిగాడు.

"వదినే, ఈ బియ్యం ఎంతకు తెచ్చినావు?"

పట్టా వచ్చాక వాడు ఆ మాట అడగడం అదే మొదలు. నేను పులుసు వడ్డించాను గానీ ధర చెప్పలేదు. నేనూ ఆ వీధి మనిషినే.