రాళ్లవాననాడు ఎదుర్కోళ్లు

పోయిన వైశాఖంలో సూర్యాపేట నుంచి మఠంపల్లికి, మా చిన్నమ్మ ఇంటికి కారులో పోతున్నాను. కోదాడ ఇంకా కొంత దూరం ఉందనగా రాళ్లవాన పట్టుకుంది. పది నిమిషాలే కురిసింది. వెలిశాక అద్దం వేలెడంత దించానో లేదో గుప్పున వాసన వచ్చింది. ఎండకు కాగిన తారు మీద ఐసు కరుగుతుంటే లేచే ఆవిరి, రాళ్ల దెబ్బకు చితికిన వేపాకు చేదు, ఎక్కడో కారుతున్న డీజిలు, మూడూ కలిసిన వాసన అది. నాకు చిన్నమ్మ పెళ్లి వాసన అంటే ఇదే. సన్నజాజులు, గంధం, అగరుబత్తులు ఎవరి జ్ఞాపకాల్లోనైనా ఉంటాయేమో కానీ, చెప్పొద్దూ, మా ఇంటి పెళ్లిలో నాకు గుర్తున్నది లారీల వాసనే.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాన్నకు సూర్యాపేటలో సైకిళ్ల రిపేరు దుకాణం ఉండేది. పరీక్షలు అయిపోయిన మర్నాడే అమ్మ మమ్మల్ని నడిగూడెంలో అమ్మమ్మ దగ్గర దింపి, హమ్మయ్య అని ఊపిరి పీల్చుకునేది. ఇక రెండు నెలలు మా రాజ్యం. పొద్దున చద్దన్నంలో కొత్త మామిడికాయ తొక్కు, ఉల్లిగడ్డ. మధ్యాహ్నం వడగాలికి తలుపులు మూసేసి అరుగు గదిలో చింతపిక్కలతో అష్టాచెమ్మా. సాయంత్రం చిర్రగోనె ఆడి ఎవరి నెత్తో ఒకరిది పగలగొట్టడం. చీకటి పడకముందే ముంజకాయలు పట్టుకొని తాత రావడం, మేం వేలు పెట్టి ముంజ లాగబోతే నీళ్లు ముఖాన చిమ్మడం. అమ్మమ్మ మాత్రం రోజంతా బొడ్లో తాళంచెవుల గుత్తితో ఇల్లంతా తిరుగుతూ ఉండేది. ఆ గుత్తి చప్పుడు వినిపిస్తే పెంకుటింటి మీది కోతులు కూడా సర్దుకొని కూర్చునేవని తాత ఎగతాళి చేసేవాడు.

అమ్మమ్మకు ఇద్దరూ ఆడపిల్లలే, అమ్మా, చిన్నమ్మా. చిన్నమ్మ పేరు సరోజ. ఆమె పెళ్లి మఠంపల్లి వెంకన్నతో మాఘంలోనే జరగవలసింది. లగ్నపత్రిక రాసుకున్న వారానికి వెంకన్న వాళ్ల తాత పోయాడు, పెళ్లి ఆగిపోయింది. పోయినాయనకు ఎనభై దాటాయి, దగ్గుతో మంచం పట్టి రెండేళ్లు. అయినా ఊళ్లో నోళ్లకు మూతలుంటాయా? పిల్ల అడుగు పెట్టకముందే ముసలాయన్ని మింగిందని బావి దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. మళ్లీ వైశాఖంలో గోధూళి వేళకు ముహూర్తం కుదిరింది. అది దాటితే మూఢం, శ్రావణం దాకా పెళ్లిళ్లు లేవు. రెండోసారి కూడా ఆగిందంటే ఆ పిల్ల జాతకం గురించి లోకం ఏమంటుందో చిన్నమ్మకు తెలుసు. పెళ్లికి పదిరోజుల ముందు నుంచీ ఆమె పెద్దగా నవ్వడం కూడా మానేసింది, నవ్వితే ఏమవుతుందోనని భయం.

పెళ్లినాడు పొద్దున్నుంచీ ఒకటే ఉక్క. పందిట్లో కొబ్బరాకులు కూడా కదల్లేదు. పెరట్లో బూందీ దూస్తున్న వంటాయన చెమట తుడుచుకోలేక తువ్వాలు నెత్తికి చుట్టుకున్నాడు. మేం పిల్లలం గారెల గంప చుట్టూ ఈగల్లా తిరుగుతూ, ఒక గారె దొరికితే నలుగురం పంచుకుంటూ, నలుగురం తన్నులు తింటూ ఉన్నాం. మూడింటికి పడమట మబ్బు నల్లగా లేచింది. గాలి దుమారం, ఆ వెనకే పెంకుల మీద ఎవరో గులకరాళ్లు గుప్పించినట్టు చప్పుడు. మొదట నిమ్మగింజలంత, తర్వాత గోలీలంత, ఆ తర్వాత రేగుపళ్లంత. పందిరి ఒక పక్కకు ఒరిగింది, వంటాయన మూకుడు మీద తడిక కప్పి రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. మేం మాత్రం నెత్తిన చాటలు పెట్టుకొని వాకిట్లోకి ఉరికి, దొరికిన రాయి దొరికినట్టు నోట్లో వేసుకున్నాం. పళ్లు జివ్వుమని, నాలుక మొద్దుబారి, అయినా చేతులు ఆగలేదు. అంత సంతోషం నాకు తర్వాత ఏ ఐస్‌క్రీములోనూ దొరకలేదు.

వాన వెలిసింది. అమ్మమ్మ ఒరిగిన పందిరిని నిలబెట్టించి, ఎదుర్కోళ్లకు అందరినీ బయల్దేరదీసింది. మగపెళ్లివారు ఊరి పొలిమేరకు రాగానే ఆడపెళ్లివారు డప్పులతో ఎదురెళ్లి, గంధం పూసి, పన్నీరు చల్లి, పానకం ఇచ్చి తోలుకొని రావాలి. అందుకని ఎద్దులబండిలో గంగాళమంత చక్కెర పానకం, ఇత్తడి గ్లాసులు, బుక్కా గులాలు వేసుకొని ఊరి దారి హైదరాబాదు రోడ్డులో కలిసే అడ్డరోడ్డు దాకా వెళ్లి నిలబడ్డాం. నాలుగున్నర అయింది. బస్సు రాలేదు. కోదాడ వైపు నుంచి అసలు ఏ బండీ రావడం లేదు. నాన్న సైకిలెక్కి చూసిరావడానికి పోయాడు.

వచ్చి చెప్పిన సంగతి ఇది. మైలు దూరంలో కాలవ మీది మోరీ దగ్గర దారి మూసుకుపోయింది. రాళ్లవానకు బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆగి, వెలవగానే అటువాళ్లు ఇటువాళ్లు ఒకరినొకరు దాటబోయి, రెండు బండ్లు పట్టే రోడ్డంతా నింపుకొని ఎదురెదురుగా మూతులు కలిపి నిలబడ్డారు. నడిమిట్ల ఐసు మీద టైర్లు జారుతున్నాయి, పక్కకు దించుదామంటే నల్లరేగడి బురద. నువ్వు వెనక్కి పో అంటే నువ్వు పో అని తగువు. మగపెళ్లివారి బస్సు మోరీకి అవతల, ఇరవై బండ్ల వెనక ఇరుక్కుంది. పోనీ దిగి నడిచి రమ్మంటే వెంకన్న మేనమామ మూతి ముడుచుకున్నాడట. ఎదుర్కోళ్లు రాకుండా మగపెళ్లివారు బస్సు దిగడం తమ వంశంలోనే లేదన్నాడట.

తాత నెత్తి పట్టుకున్నాడు. ఇంట్లో పెళ్లిబట్టలతో కూర్చున్న చిన్నమ్మకు ఈ మాట చేరవేయడానికి ఎవరూ ముందుకు రాలేదు. అమ్మమ్మ ఒక్క క్షణం కోదాడ వైపు చూసి, కొంగు నడుముకు దోపింది.

"ఆళ్లు దిగకపోతే మానె. పొలిమేర గాన్నే ఉన్నదనుకుందాం, పాండ్రి."

అలా మా ఎదుర్కోళ్లు డప్పు కొట్టుకుంటూ మైలు నడిచాయి. ఎద్దులబండి బండ్ల మధ్య పట్టదు కనుక గంగాళాన్ని కావడిబద్ద నడుమ కట్టి ఇద్దరు మోశారు. రోడ్డు పొడుగునా ఐసు నూకలు పోసినట్టు తెల్లగా ఉంది. మేం పిల్లలం శుభ్రంగా ఉన్న చోట దోసిళ్లతో ఎత్తి గంగాళంలో వేస్తూ పోయాం. లారీల వాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో పనిలో ఉన్నారు. ఒకతను పగిలిన ముందద్దం చోట గోనెపట్టా కడుతున్నాడు. ఇంకొకతను వేపమండతో టైర్ల ముందర ఐసు ఊడుస్తున్నాడు, అతని క్లీనరు చక్రాల కింద గోనెసంచులు పరుస్తున్నాడు. ఒక తమిళాయన లారీ కిందనే కిరసనాయిలు స్టౌ వెలిగించి చాయ కాస్తున్నాడు, ఆ చాయ చుట్టూ నాలుగు రాష్ట్రాల వాళ్లు నాలుగు భాషల్లో ఒకే వానను తిడుతున్నారు. ఒక సర్దార్జీ నెత్తి మీద పరుపు పట్టుకొనే దిగాడట వానలో, ఆ పరుపును బానెట్ మీద ఆరేసుకొని కూర్చున్నాడు. డప్పు వినగానే అందరూ లేచి నిలబడి నవ్వారు.

బస్సు దగ్గర అన్నీ పద్ధతిగా జరిగాయి. మేనమామకు గంధం పూశారు, గులాలు చల్లారు, చల్లటి పానకం గ్లాసు చేతిలో పెట్టారు. ఆ ఎండాకాలంలో, ఫ్రిజ్‌లు లేని ఊళ్లో, పళ్లు జిల్లుమనే పానకం. గుటక వేసి ఆయన కోపం మరిచిపోయాడు, రెండో గ్లాసు తనే అడిగాడు. కానీ కాలు నొప్పి నాయనమ్మ ఉంది, చంకల్లో పిల్లలున్నారు, సామాను ఉంది. అరవైమంది ఊళ్లోకి నడిచేసరికి ముహూర్తం ఉంటుందా? బస్సు కదలాలి. పెళ్లి చేయించే అయ్యవారు ఇంట్లో గడియారం చూసుకుంటూ ఉంటాడు. అమ్మమ్మ గంగాళం తిప్పించి, వరుసగా ఒక్కో లారీ దగ్గరా ఆగి, డ్రైవర్లకు, క్లీనర్లకు, తగువాడుకుంటున్న ఇద్దరికీ, తమిళాయనకూ సర్దార్జీకీ అందరికీ పానకం పోసింది. అందరి మీదా పన్నీరు కూడా చల్లింది. వాళ్లు ముసలమ్మ మంచిదనుకొని మీసాలు తుడుచుకుంటూ తాగారు. గంగాళం అడుగంటాక ఆమె మోరీ గోడ మీద నిలబడింది.

"ఎదుర్కోళ్ల పానకం తాగినోళ్లంత మగపెండ్లోళ్లే. ఇగ మీ పెండ్లికి మీరే తొవ్వ ఇయ్యాలె."

సర్దార్జీ ఆమె ఏం చెప్పిందని అడిగి, ఎవరో హిందీలో చెబితే తొడ చరుచుకొని నవ్వాడు. కానీ నవ్వినంత మాత్రాన దారి వస్తుందా? మోరీకి ముందు మొట్టమొదట ఉన్నది సిమెంటు లోడు లారీ. అది పక్కకు దిగితేనే వెనకవాళ్లకు జరగడానికి సందు. దిగితే రేగడిలో దిగబడుతుంది, తనంతట తాను పైకి రాదు, యజమాని చేత తిట్లు ఖాయం. గంటసేపటి నుంచి అందరూ అతన్నే దిగమంటున్నారు, అతను గంటసేపటి నుంచీ దిగనంటున్నాడు. పేరు సైదులు, మిర్యాలగూడ మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. ఖాళీ గ్లాసు అమ్మమ్మకు తిరిగి ఇస్తూ అడిగాడు.

"పిల్లకు అన్నదమ్ములు లేరా అవ్వా?"

లేరంది అమ్మమ్మ. ఇది రెండోసారి పెట్టిన ముహూర్తమని, ఇదీ తప్పితే పిల్లను లోకం బతకనియ్యదని కూడా చెప్పింది. అమ్మమ్మ ఒకరిని బతిమాలడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను, డప్పు వాళ్లు కూడా కొట్టడం ఆపేశారు.

"దిగబడితే దిగబడనియ్" అన్నాడు సైదులు.

లారీ ఎక్కి ఎడమ చక్రాలు రోడ్డు దించాడు. బండి ఒక పక్కకు ఒరిగి, ఇరుసు దాకా బురదలోకి పోయింది. ఇక చూడాలి ఆ తమాషా! గంట నుంచి అంగుళం కదలని వాళ్లంతా ఒక్కసారిగా వెనక్కి జరగడం మొదలుపెట్టారు. క్లీనర్లు టైర్లకు రాళ్లు పెడుతూ, తలుపులు కొడుతూ, జరగండి, పెళ్లికొడుకు వస్తున్నాడు అని ఒక లారీ నుంచి ఇంకో లారీకి కబురు అందించారు. చిట్టచివరి బండి దాకా, ఎందుకో తెలియని వాళ్లు కూడా జరిగారు. బస్సు ఆ సందులోంచి అద్దాలు రాసుకుంటూ పాకుతుంటే రెండు పక్కలా హారన్లు మోగాయి. తమిళాయన చాయగిన్నెతోనే దండం పెట్టాడు. మేమంతా బస్సెక్కేశాం, నేను మేనమామ ఒళ్లో కూర్చున్నాను.

ఇంటికి చేరేసరికి అయ్యవారు వాకిట్లోకే వచ్చి నిలబడి ఉన్నాడు. కాళ్లు కడగడం, తెర పట్టడం అంతా ఉరుకుల మీద జరిగింది. తెర అవతల చిన్నమ్మ జీలకర్ర బెల్లం పిడికిట్లో పట్టుకొని కూర్చుంది. సరిగ్గా ఘడియకు వెంకన్న నెత్తి మీద చెయ్యి పెట్టింది. తెర దించగానే అతని తల నిండా గులాలు, చొక్కాకు డీజిలు మరక కనిపించి ఆమెకు నవ్వు ఆగలేదు. పదిరోజుల నవ్వంతా అప్పుడే నవ్వింది, అమ్మమ్మ గిల్లినా ఆపలేదు.

మర్నాడు తెల్లారి రెండు ట్రాక్టర్లు, ఊళ్లో సగంమంది మోకులతో పోయి సైదులు లారీని పైకి లాగారు. రాత్రే అతనికీ క్లీనరుకీ నాన్న సైకిల్ మీద పెళ్లిభోజనం పట్టుకుపోయాడు. అయినా అమ్మమ్మ అతన్ని ఇంటికి పిలిపించి, విస్తరేసి, పక్కనే కూర్చొని లడ్డూల మీద లడ్డూలు పెట్టింది. తర్వాత కొత్త తువ్వాలు భుజాన వేసింది. చిన్నమ్మ అత్తారింటికి పోయే బస్సు ముందర, దింపి వస్తానని మఠంపల్లి వైపే మళ్లిన అతని లారీ నడిచింది. అన్న దింపడానికి వచ్చినట్టే ఉందని తాత అనేసరికి, ఏడవకూడదనుకున్న మా అమ్మ ఏడ్చింది.

ఆ మాట సైదులు మామ నిజం చేశాడు. మూడో ఏట పుట్టింటి తరఫున చిన్నమ్మకు ఒడిబియ్యం పోసినప్పుడు అమ్మమ్మ పక్కన అతను, అతని భార్య నిలబడ్డారు. అమ్మమ్మ పోయాక ఐదేళ్లకొకసారి మిర్యాలగూడ నుంచి బియ్యం, చీర, పసుపు పట్టుకొని తనే వస్తాడు. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి స్టీరింగు వదిలేశాడు, బస్సులో వస్తాడు. వచ్చిన ప్రతిసారీ ఆనాటి పానకంలో చక్కెర ఎక్కువైందని చిన్నమ్మను ఏడిపిస్తాడు.

ఆ రెండు బండ్ల రోడ్డు పోయింది. మోరీ ఎక్కడుండేదో కూడా పోల్చుకోలేను. పెళ్లిళ్లు ఫంక్షన్‌హాళ్లలో జరుగుతున్నాయి, ఎదుర్కోళ్లు గేటు దగ్గర ఫోటోల కోసం ఐదు నిమిషాలు. మొన్నటి రాళ్లవానకు నా ముందర బండ్లు గంటన్నర కదల్లేదు. పక్క వరుసలో ఒక లారీకి ముందద్దం పగిలిపోయింది. డ్రైవరు ఒక్కడే సీటు మీది గాజుముక్కలు ఏరుతున్నాడు, చేతికి గుడ్డ చుట్టుకున్నాడు. నా దగ్గర మంచినీళ్లున్నాయి, చిన్నమ్మ కోసం కొన్న లడ్డూల డబ్బా ఉంది. అద్దంలోంచి అతన్ని చూస్తూ, ఫోన్ చూస్తూ, ఏసీలో కూర్చున్నాను. ముందర బండ్లు కదిలాయి, నేనూ కదిలాను.

మఠంపల్లిలో లడ్డూల డబ్బా చేతికి ఇస్తూ ఇదంతా చెప్పాను. లోకం మారిపోయింది చిన్నమ్మా, ఒక్కడూ బండి దిగలేదు, ఎవరికి ఎవరూ పట్టడం లేదు అని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఆమె డబ్బా ఒళ్లో పెట్టుకొని నా మాటలన్నీ విన్నది.

"నువ్వన్నా దిగకపోతివా బిడ్డా" అన్నది.

నలభై దాటిన మనిషిని, తొమ్మిదేళ్ల పిల్లలా తల దించుకున్నాను.