వేట నిషేధం ఎత్తేశారు, నా మోకాలు మానలేదు

ఆ రోజు చేపలు బాగా పడ్డాయి. ఒడ్డు చేరే తొందరలో, బోటు ఇసుకకు ఆనకముందే నడుం లోతు నీళ్ళలోకి దూకాను. కుడి పాదం ఇసుకలో దిగబడింది. వెనక నుంచి కెరటం కొట్టి ఒళ్ళంతా పక్కకు తిప్పేసింది, పాదం మాత్రం కదల్లేదు. మోకాలి లోపల ఏదో టప్పుమంది. నొప్పి కన్నా ముందు ఆ చప్పుడే తెలిసింది.

మాది భావనపాడు. టెక్కలిలో ఇంటర్ మధ్యలో వదిలేసి, మా అక్క మొగుడు ఎర్రయ్య బోటులో వల లాగే కలాసీగా చేరాను. అప్పటి నుంచి నాకు తెలిసిన పని వేట ఒక్కటే. ఆ సాయంత్రం ఉబ్బిన మోకాలిని చూసి ఎర్రయ్య బావ, "బెణికింటాదిరా సింవాసలం, ఏడి ఇసక కాపడం ఎట్టు" అన్నాడు. పెట్టాను. కొన్నాళ్ళకు వాపు తగ్గింది కానీ, నడుస్తూ నడుస్తూ ఉండగా మోకాలు ఉన్నట్టుండి జారిపోయేది. మా ఆవిడ నూకరత్నం నవ్వేది. "ఏటి మావా, సుక్కేసుకోకండానే తూలతన్నావు?"

శ్రీకాకుళంలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయనది చిన్న వయసు. నా పిక్కను రెండు చేతులతో పట్టుకుని ముందుకు లాగి చూశాడు. ఎంఆర్ఐ తీయించాడు. "ఏసీఎల్ కంప్లీట్ టియర్ అండి, మోకాలి లోపలి లిగమెంట్ పూర్తిగా తెగింది. మీరు చేసే పనికి రీకన్‌స్ట్రక్షన్ తప్పదు. తొడ వెనక హామ్‌స్ట్రింగ్ టెండన్ తీసి, తెగినదాని చోట గ్రాఫ్ట్‌గా వేస్తాం."

ఏటా వేసవిలో రెండు నెలలు సముద్రంలో చేపలు పట్టకూడదని పెట్టే వేట నిషేధం దగ్గర్లోనే ఉంది, అప్పుడు చేయించుకుంటానన్నాను. మంచిదే అన్నాడు. "కానీ మళ్ళీ వేటకి తొమ్మిది నెలలు ఆగాలి. అప్పటిదాకా పరుగు, గెంతు, మెలి ఏదీ వద్దు."

"అలాగే బాబూ" అన్నాను. అంటూనే మనసులో నిషేధం ఎత్తే రోజు గుర్తు పెట్టుకున్నాను. మా జనానికి ఏడాదిలో సెలవంటే అదే. ఇంటి కప్పు మార్చడం, బోటుకు రంగు వేయడం, పిల్లకు సంబంధం చూడటం, పుచ్చిన పన్ను పీకించుకోవడం, అన్నీ ఆ రెండు నెలల్లోనే. ఒళ్ళు కూడా ఆ రెండు నెలల్లోనే బాగవ్వాలనుకుంటాం.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇది నేను ఇప్పుడు రాస్తున్న మాట, అప్పుడు చెప్పని మాట. చంక కర్రలు పోయాయి, మోకాలు వంగింది, నొప్పి లేదు. ఫిజియోథెరపీ అమ్మాయి ప్రతిసారీ హెచ్చరించేది. "బాగున్నట్టే ఉంటుందండి. లోపల గ్రాఫ్ట్ ఇప్పుడే అన్నిటికన్నా మెత్తగా ఉంటుంది. ఈ నెలలే జాగ్రత్త." నొప్పి లేని చోట మెత్తదనం ఏమిటో నాకు అర్థం కాలేదు. అడగనూ లేదు.

మా బోటుకు ఒక పద్ధతి ఉంది. నిషేధం ఎత్తిన రోజు పొద్దున గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి బోటును నీళ్ళలోకి తోస్తాం. ఆ మొదటి తోపుకు ఎవరు చెయ్యి వేస్తే, మళ్ళీ నిషేధం వచ్చేదాకా వాళ్ళే ఆ బోటు కలాసీలు. ముందురోజు బావ ఇంటికొచ్చాడు.

"కాలెలగున్నాది?"

"నొప్పి నేదు బావా."

"మరేటి? ఊరికే సెయ్యేస్తే సాలు, తొయ్యక్కర్నేదు. నువ్వు రాపోతే ఇంకొకడ్ని ఎట్టుకుంతాను. తరవాత నామీద పడి ఏడవకు."

"డాట్రు వద్దన్నాడు గదన్నియ్యా" అంది నూకరత్నం.

"ఆ డాట్రేటి, ఎప్పుడైనా బోటు తోసినాడా?"

అందరం నవ్వాం. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను.

పొద్దున నిజంగానే చెయ్యి మాత్రమే వేశాను. కెరటం వచ్చి బోటు ముక్కును ఎత్తి పక్కకు విసిరింది. ఇరవై ఏళ్ళు తోసిన ఒళ్ళు అలాంటప్పుడు ఊరుకోదు. కాలు తన్నిపట్టి భుజం ఆనించాను. మళ్ళీ అదే చప్పుడు. ఆ క్షణంలోనే నాకు తెలుసు. ఎవరికీ చెప్పకుండా బోటెక్కి, రోజంతా కూర్చునే వల లాగాను. చేపలు చూసి అందరూ కేకలు పెడుతుంటే నేనూ పెట్టాను.

మోకాలు మళ్ళీ జారడం మొదలైంది. బావను తోడు తీసుకుని శ్రీకాకుళం వెళ్ళి, ఓపీలో అందరి ముందూ ఆపరేషన్ చెడగొట్టావని డాక్టరు మీద అరిచాను. ఆయన కాలు చూసి అడిగాడు, "ఎక్కడైనా పడ్డారా? పనిలోకి వెళ్ళారా?"

"గుమ్మం దాటలేదు బాబూ."

"మంచం మీదే ఉన్నాడండి, గంగమ్మ సాచ్చి" అన్నాడు బావ.

ఆ డాక్టరు నా పిక్క ఇంకోసారి లాగి చూశాడు. "అయితే నేనే ఎక్కడో సరిగా చూసుకోలేదేమో. సారీ అండి" అన్నాడు. ఇలా అంటాడని నేను అనుకోలేదు. తిడతాడని కదా అబద్ధం ఆడింది! అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఊరికొచ్చి చేపల వేలం దగ్గరా, టీ కొట్టు దగ్గరా, "కాలు పాడుచేసి పెట్టినాడు" అని చెప్పాను. ఆయన దగ్గరికి వెళ్దామనుకున్న మా వీధివాళ్ళు మానుకున్నారు.

తర్వాత విజయనగరంలో ఒక పెద్ద డాక్టరుకు చూపించుకున్నాను. ఆయనకూ అదే అబద్ధం చెప్పాను. ఊళ్ళో అన్ని నోళ్ళలో పడ్డాక దాన్ని మార్చుకోవడం నా వల్ల కాలేదు. "ఏ దెబ్బా తగలకుండా గ్రాఫ్ట్ ఫెయిలైందంటే ముందు ఇన్ఫెక్షన్ లేదని తేలాలి" అన్నాడాయన. రక్తం తీశారు. మోకాల్లో సూది గుచ్చి నీరు తీసి కల్చర్‌కు పంపారు. సీటీ స్కాన్ తీశారు. కొన్ని పరీక్షలు మళ్ళీ చేశారు. వారాలు నెలలయ్యాయి. ఆ నెలలన్నీ మోకాలు జారుతూనే ఉంది. ఒకరోజు చేపలు ఎండబెట్టే చోట జారి, వంగిన కాలు వంగినట్టే బిగుసుకుపోయింది. చాపడానికి రాలేదు. నొప్పికి వాంతి అయింది.

మళ్ళీ ఎంఆర్ఐ. డాక్టరు ఫిల్ములు పక్కన పెట్టి అన్నాడు. "ఇన్ఫెక్షన్ లేదు. గ్రాఫ్ట్ కోసం ఎముకలో వేసిన టన్నెల్స్ సరైన చోటే ఉన్నాయి. మొదట చేసినాయన పని శుభ్రంగా ఉంది. మరి ఎందుకు తెగిందో నాకు అంతుపట్టడం లేదు. ఇప్పుడు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చిరిగి కీలులో ఇరుక్కుంది."

"నాను సెప్తానండి" అంది నూకరత్నం. "నిషేదం ఎత్తిన్నాడే బోటు తోసినాడు."

"నోరు ముయ్యే" అన్నాను.

"ఇన్నాళ్ళూ మూసినాను గదా. మూసినందుకే ఇలగయినాది. నీ కాలు కన్నా నీ మాటే ఎక్కువయిపోనాదా నీకు?"

డాక్టరు కోప్పడలేదు. అలసిపోయినట్టు కళ్ళద్దాలు తీశాడు. "ఈ మాట మొదటి రోజే చెప్పుంటే ఇన్ని పరీక్షలు పెట్టేవాణ్ణి కాదు. తొందరగా రివిజన్, అంటే రెండో ఆపరేషన్, చేసేవాళ్ళం. మెనిస్కస్ నిలిచేదేమో. ఇప్పుడు చాలావరకు తీసెయ్యాలి."

మళ్ళీ వేటకు పోగలనా అని అడిగాను. "రెండోసారి చేసేది మొదటిదంత బాగా రావడం కష్టం. కొందరికి వస్తుంది. మీకు మెనిస్కస్ పోతోంది, ఎముకల చివర నున్నగా ఉండే కార్టిలేజ్ కూడా అరిగింది. నడుస్తారు. మెట్లెక్కుతారు. బోటు తొయ్యడం గురించి మాత్రం నన్నడక్కండి."

టన్నెల్స్ వెడల్పయ్యాయని రెండు విడతలుగా చేశారు. మొదట పాత స్క్రూ తీసి, తుంటి ఎముక నుంచి ముక్క తెచ్చి ఆ రంధ్రాలు పూడ్చారు. అది గట్టిపడేదాకా లిగమెంట్ లేని కాలితోనే ఉన్నాను. తర్వాత మోకాలి చిప్ప కింది టెండన్‌తో కొత్త గ్రాఫ్ట్ వేశారు. ఈసారి ఎవరూ చెప్పక్కర్లేకుండానే కదలకుండా పడుకున్నాను. అదీ తప్పే. భయంతో వ్యాయామాలు ఎగ్గొట్టాను, మోకాలు బిగుసుకుపోయింది. మత్తిచ్చి వంచాల్సి వచ్చింది.

కింద కూర్చుని అన్నం తినలేను. దొడ్డికి కుర్చీ కావాలి. పొద్దున్నే బోట్లు తోసే కేకలు ఇంట్లోకి వినిపిస్తాయి. ఒక్కోసారి అలా ఆ నీళ్ళలోకి నడుచుకుంటూ పోదామనిపించేది. ఇసుకలో నడవడమే రాదు కదరా నీకు అని నన్ను నేనే ఎత్తిపొడుచుకునేవాణ్ణి. ఒకరోజు ఈ మాట నూకరత్నానికి చెప్పేశాను. ఆవిడ ఏడవలేదు. ఆ రోజు నుంచి నన్ను ఒంటరిగా ఒడ్డుకు పోనివ్వలేదు.

విజయనగరం డాక్టరు ఈమధ్య పిక్క లాగి చూసి, గ్రాఫ్ట్ గట్టిగా ఉందన్నాడు. ఆపరేషన్ లెక్కలో అది మంచి ఫలితమేనట. తారు రోడ్డు మీద బాగానే నడుస్తాను. ఇసుకలో కాలు నిలవదు. సాయంత్రానికి మోకాలు ఉబ్బుతుంది. బావ బోటులో నా చోట వేరేవాడున్నాడు. నేను ఐసు షెడ్డులో స్టూలు మీద కూర్చుని చేపలు ఏరుతున్నాను.

క్షమాపణ చెప్పుకుందామని శ్రీకాకుళం వెళ్ళాను. ఆ డాక్టరు అక్కడ మానేసి వెళ్ళిపోయాడన్నారు. ఎక్కడికో వాళ్ళకు తెలియదు. వెళ్ళడానికి నా అరుపు కారణమా కాదా అన్నది నాకు ఎప్పటికీ తెలియదు. తిరిగొచ్చి వేలం దగ్గర అందరూ ఉండగా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "అయిపోనాదాన్ని ఇప్పుడెందుకురా తవ్వుతావు?" అని బావ లేచి వెళ్ళిపోయాడు. నాతో సరిగా మాట్లాడటం లేదు. ఆ డాక్టరు ఈ పత్రిక చూస్తాడో లేదో కానీ, ఇక్కడ కూడా రాస్తున్నాను. ఆయన చేతిలో తప్పు లేదు. ఆయన వేసిన గ్రాఫ్ట్‌ను నేనే తెంపుకున్నాను.

లిగమెంట్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటి. మోకాల్లో మళ్ళీ చప్పుడైతే, జారితే, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఏం చేస్తుండగా అయిందో దాచకుండా చెప్పండి. వద్దన్న పని చేశామని సిగ్గుపడి ఇంట్లో కూర్చోకండి. వెంట వచ్చినవాళ్ళను అబద్ధం ఆడనివ్వకండి. డాక్టరు తిడితే తిట్టించుకోండి. తిట్లు తిన్న మోకాలితో నడవొచ్చు.