ముత్తిని ఉరకనివ్వని బడి

కరోనా తర్వాత బడులు మళ్ళీ తెరిచిన ఏడాది నేను ఉసూర్ బ్లాకులో స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. అంటే, ఎదుగుదలలో ఇబ్బందులున్న పిల్లలకు ఎలా చదువు చెప్పాలో బడి బడికీ తిరిగి చూపించే ఉద్యోగం. ఒక ఊరి బడికి రెండోసారి వెళ్ళినప్పుడు, తొమ్మిదేళ్ళ ముత్తి ఉన్న తీరు చూడగానే ఒళ్ళు మండిపోయింది. ఆటిజం ఉన్న ఆ పిల్లను తువ్వాలుతో కిటికీ ఊచకు కట్టేశారు.

"క్లాసుల కుదురుగ కూసోదు మేడం, ఊకె ఉరుకుతది. పడితే జిమ్మేదారీ నాదే గద. ఇంటికాడ్నే ఉంచుకొమ్మని తల్లికి చెప్పిన," అన్నాడు హెడ్‌మాస్టర్.

ముందు కట్టు విప్పాను. తర్వాత ముత్తి తల్లి కన్నమ్మను పిలిపించి, ఇంట్లోనూ ఇంతేనా అని అడిగాను.

"ఇదివరకు గిట్ల లేకుండె మేడం. పొద్దుగాల బోరింగు కొట్టేది, బిందె మోసుకొచ్చేది. ఆనక నిమ్మళంగ కూసొని జావ తాగేది. పోయిన నెల మీరే గద, పిల్లతోని పని చేపియ్యొద్దన్నరు. మాన్పిచ్చిన."

అన్నది నేనే. పిల్లకు అది ఇష్టమా, దానివల్ల ఏమవుతోంది అని ఒక్క ముక్క అడగకుండా తల్లిని కోప్పడి వచ్చాను. బరువు మోయడం, లాగడం, నెట్టడం వంటివాటిని మా వృత్తిలో హెవీ వర్క్ అంటారు. ఆటిజాన్ని పోగొట్టే మందు కాదది. కొందరు పిల్లలకు మాత్రం ఒంట్లో అలజడి తగ్గుతుంది. శిక్షణలో చదివిందే, కళ్ళెదుట జరుగుతుంటే పోల్చుకోలేకపోయాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

ఆ వారమంతా ఆ ఊళ్ళోనే ఉండిపోయాను. మర్నాటి నుంచి బడి మొదలయ్యే ముందు పావుగంటసేపు ముత్తి, నేను ఇసుక సంచికి తాడు కట్టి మైదానమంతా లాగాం. మూడోరోజుకు తాడు తనే అందుకుంది. హెడ్‌మాస్టర్ మాత్రం సణుగుతూనే ఉన్నాడు.

"పిల్లతోని గిట్ల లాగిపిస్తే పైనోళ్ళు నన్నడగరా మేడం?"

"కట్టేసినప్పుడు ఎవరడిగారు సార్?"

వారం తిరిగేసరికి ముత్తి పలక పట్టుకుని పది నిమిషాలు కూర్చుంది. అది చూసి ఆయన, "సరే, రోజూ పంపమనండి. ఇన్‌స్పెక్షన్ నాడు మాత్రం ఇంట్లనే ఉంచమనండి," అన్నాడు.

"ఆ రోజు తప్పకుండా వస్తుంది. నేనూ వస్తాను," అన్నాను.

ఆ కోపం నాకింకా చల్లారలేదు. పిల్లను కదలనివ్వరు, కదలలేక అరిస్తే బడికి పనికిరాదంటారు. ఇప్పుడు ఎవరైనా ఒక పిల్లను చూపించి కుదురు లేదంటే, ఇవాళ ఎంతసేపు పరుగెత్తనిచ్చారని ముందు అడుగుతాను. తల్లిని అడగకుండా ఏదీ మాన్పించను.