తొమ్మిదో నంబరు కూతురు

పశు సంతతి కేంద్రంలో దూడలను తూచే ఉద్యోగిని అందరూ కాటా బాబాయ్ అనేవారు. కాటా పాడై మూడేళ్లయింది, పేరు మాత్రం చెక్కుచెదరలేదు. బాగు చేయించమని పదకొండు ఉత్తరాలు పెట్టుకున్నాడు. పదకొండింటికీ ‘పరిశీలనలో ఉంది’ అనే జవాబే వచ్చింది. గోడ అవతల దాణా గోదాములో నిక్షేపంలాంటి కాటా ఉంది. కానీ అది దాణా శాఖది. దూడ దాణా కాదు కదా!

రిజిస్టరులో గడి ఖాళీగా ఉంటే పెద్దసారు సంతకం పెట్టరు. నిండి ఉంటే అందులో ఏముందో చూడరు. అందుకని బాబాయ్ కంటితో తూచడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ల కన్ను, కిలో కూడా తప్పదని ఆయన ధీమా. కాకపోతే ఆ కన్ను దూడ కంటే ముందు తండ్రి నంబరు మీద పడేది. నాలుగో నంబరు ఆబోతు కొండలా ఉంటుంది కాబట్టి దాని బిడ్డలకు పదహారు కిలోలు కలిపేవాడు. తొమ్మిదో నంబరు ఎముకల గూడు కాబట్టి దాని బిడ్డలకు అంతకు రెట్టింపు కోసేవాడు. ‘ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా’ అని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు.

ఆ అంకెలన్నీ కొత్తగా వచ్చిన శాస్త్రవేత్త అమ్మాయి చేతికి వెళ్లాయి. దూడల బరువుల్లో ఉన్న తేడాలో పుట్టుకతో వచ్చింది ఎంత, మేతా పాకా వల్ల వచ్చింది ఎంత అని తేల్చడం ఆమె పని. మామూలుగా పుట్టుక వాటా నూటికి ముప్పయ్యో నలభయ్యో ఉంటుంది. ఇక్కడ తొంభై మూడు వచ్చింది.

ఆమె నొసలు ముడిపడింది. పెద్దసారు ముఖం మాత్రం చాటంత అయింది. “చూశారా! మన దూడలకి మేత కూడా అక్కర్లేదన్నమాట. ఇక ఆలస్యం దేనికి? సోమవారం ఆ తొమ్మిదో నంబరు సంతానాన్నంతా వేలానికి లారీ ఎక్కించేయండి.”

లారీ జాబితాలో రెండు వందల పద్నాలుగు అనే పెయ్యదూడ కూడా ఉంది. చిరిగిన చెవితో, పిలవకుండానే బాబాయ్ వెనకాల తిరిగే దూడ. పోయిన వారమే ఏడాది తూకం కింద దానికి తొంభై ఆరు కిలోలు వేసింది ఆయన చెయ్యే. నోరు విప్పకపోతే అది పోతుంది. విప్పితే, రిటైర్మెంటుకి నాలుగు నెలల ముందు, ముప్పై ఏళ్ల పరువు పోతుంది. రెండు రోజులు ఆయనకు ముద్ద దిగలేదు. ఆదివారం పొద్దున్నే ఆ అమ్మాయి గదికి వెళ్లి నిలబడ్డాడు.

“అమ్మా, ఆ తూకాలు... నేను తూచలేదు. చూసి రాశాను.”

ఆమె కేకలు వేయలేదు. వేసినా బాగుండేదని ఆయనకు అనిపించింది. గోదాము తాళం తీయించి, దూడను దాణా కాటా మీదికి ఎక్కించింది. దాణా శాఖకు ఏ నష్టమూ రాలేదు. ముల్లు నూట ఇరవై ఎనిమిది దగ్గర ఆగింది.

“ముప్పై రెండు కిలోలు ఎక్కడికి పోయాయి బాబాయ్?”

“దాని నాన్న తొమ్మిదో నంబరు కదమ్మా.”

అనేశాక ఆయనకు పాత మాటొకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు బళ్లో పంతులుగారు బాబాయ్ లెక్కల పేపరు మడత విప్పకుండానే నూటికి ముప్పై మార్కులు వేసి, “వాడి కొడుకే కదా, ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?” అన్నారు. తండ్రి పేరుమోసిన సోమరి. ఆ పేపరులో మాత్రం లెక్కలన్నీ సరిపోయాయి. బాబాయ్ దాన్ని ఇంటికి తెచ్చుకుని రెండుసార్లు చూసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చదువు ఆగిపోయి ఈ కాటా దగ్గర తేలాడు.

లారీ ఆగింది. నూటికి తొంభై మూడు పోయినందుకు పెద్దసారు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, కేంద్రంలో పనులు కాస్త సజావుగా సాగాయి. బాబాయ్‌కి మెమో వచ్చింది, దానితోపాటు దూడలన్నిటినీ మళ్లీ తూచమనే ఉత్తర్వు కూడా.

మరుసటి సోమవారం ఆయన గోదాము గుమ్మంలో రిజిస్టరు తెరిచి తొంభై ఆరు కొట్టేశాడు. తండ్రి నంబరు గడిని ఎడమ అరచేత్తో మూసి, నూట ఇరవై ఎనిమిది అని రాశాడు. ఆ తర్వాత తూచిన ప్రతి దూడకూ ఆ చెయ్యి అక్కడే ఉంచాడు.