అంచు కింద మసి

మా వృత్తిలో శుభ్రం చెయ్యడం నేరం. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. సినిమాలో ఒక సీను పొద్దున సగం తీసి, సాయంత్రం మిగతా సగం తీస్తారు. తెరమీద మాత్రం అది రెండు నిమిషాల్లో అయిపోయే సంగతి. కాబట్టి పొద్దున బల్లమీద సగం తాగిన కాఫీ గ్లాసు ఉంటే, సాయంత్రానికీ ఆ గ్లాసు అక్కడే, అంతే కాఫీతో ఉండాలి. ఈగ వాలితే ఈగను తోలొచ్చు గాని గ్లాసు కదపకూడదు. దీన్ని కంటిన్యుటీ అంటారు. దానికి కాపలా కాసే ప్రాణిని అసిస్టెంట్ డైరెక్టర్ అంటారు. ఎనిమిదేళ్లు నేనా కాపలా కాశాను. సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులు. ఏ వస్తువు ఎక్కడుందో పుస్తకంలో రాసుకుని, బుర్రలో పెట్టుకుని తిరిగేవాళ్లం.

ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. ఫిల్మ్‌నగర్‌లో మాది రెండు గదుల అద్దె వాటా. తాగిన గ్లాసు తాగిన చోటే, విడిచిన లుంగీ విడిచిన చోటే వదిలేసేవాణ్ణి. ఆ లుంగీ నేల మీద గుండ్రంగా పడి ఉంటే, మధ్యలోంచి మనిషి ఆవిరైపోయాడేమో అనిపించేది. నా భార్య షేక్‌పేటలో పుట్టి పెరిగి అక్కడే బడిలో పాఠాలు చెబుతోంది. నేను సినిమా పిచ్చితో గోదావరి జిల్లా నుంచి వచ్చి, వాళ్ల మేడమీద గదిలో అద్దెకు దిగి, చివరికి ఇంటి ఓనరమ్మ కూతుర్నే పెళ్లాడాను. ఒకరోజు కిటికీలో అరటితొక్క చూసి మా ఆవిడ అడిగింది.

"ఏందయ్యా ఇది? మూడు దినాల సంది గీడనే ఉంది. మీ హీరో వచ్చి తీస్తడా?"

"కంటిన్యుటీ" అన్నాను.

మొదటిసారి నవ్వింది. రెండోసారి నవ్వలేదు. మూడోసారి ఆ తొక్క తీసుకొచ్చి నా కథ రాసుకునే నోటుబుక్కులో పెట్టి మూసింది. దాని మరక ఇంటర్వెల్ దాకా దిగిపోయింది.

అయినా అంతకు మించి గొడవ పెట్టుకునేది కాదు. కారణం ఒక్కటే. నేను డైరెక్టర్ని అవుతానని ఆవిడ గట్టిగా నమ్మింది. నా దగ్గర ఒక కథ ఉంది. నేను పనిచేస్తున్న డైరెక్టరుగారు, ఈ సినిమా పూర్తయ్యేలోపు నన్ను నిర్మాత ముందు కూర్చోబెట్టి ఆ కథ చెప్పిస్తానని మాటిచ్చాడు. ఆ మాట నాకంటే ముందు మా ఆవిడ బడిలో తెలిసిపోయింది. తోటి టీచర్లు నన్ను చూస్తే లేచి నిలబడేవారు. "పెద్ద డైరెక్టర్లు ఇంట్ల గిట్లనే ఉంటరట" అని నా లుంగీ సంగతి కూడా వాళ్ల దగ్గర వెనకేసుకొచ్చేదట, మహాతల్లి.

ఒక ఆదివారం వంటింట్లో చారు ఒలకబోశాను. ఒలకబోసి, దాన్ని జాగ్రత్తగా దాటి, వెళ్లి పేపరు చదువుకున్నాను. ఐదు నిమిషాలకు వంటింట్లోంచి ధబ్బుమని చప్పుడు. మా ఆవిడ చీలమండ విరిగింది. ఆరు వారాలు కట్టు. డాక్టరు ఎలా పడ్డారమ్మా అని అడిగితే నా వైపు చూసి "చారు మీద" అంది, అంతే. సిగ్గుతో చచ్చాను.

మర్నాడు అత్తగారు షేక్‌పేట నుంచి సంచీ పట్టుకుని ఆటోలో దిగింది. హమ్మయ్య, మన పంట పండిందనుకున్నాను. ఆవిడ కూతురి కాలు చూసింది, తొట్టిలో పేరుకున్న అంట్లు చూసింది, తర్వాత నన్ను చూసింది.

"అల్లుడా, నా బిడ్డకు నేను జేస్త. వంట నేను జేస్త. బాసన్లు, బట్టలు, ఇల్లు ఊడ్సి తుడుసుడు నీయి."

"అత్తయ్యగారూ, నాకు షూటింగు ఏడింటికి..."

"గందుకే ఐదింటికి లే. ఫికర్ జెయ్యకు, సావవు."

చచ్చినంత పనే అయింది. మొదటి రోజు నేను తోమిన గిన్నెలో పాలు పోస్తే పైన సబ్బు నురగ తేలింది. ఆవిడ తిట్టలేదు. ఆ పాలతోనే టీ కాచి నాకిచ్చింది. తాగాను, ఏం చేస్తాను? తర్వాత నా పక్కన పీట వేసుకుని కూర్చుని నేర్పింది. మాడుకు బూడిద, ఇత్తడికి చింతపండు, మసికి కొబ్బరిపీచు. చివర్లో గిన్నె అంచు కింద వేలు పెట్టి తిప్పి, ఆ వేలు నా ముక్కు ముందు పెట్టేది. "నడుమల ఎవ్వడన్న తోమ్తడు. అంచు కింద తోమినోడే తోమినట్టు." ఆ వేలు నల్లగా ఉంటే గిన్నె మళ్లీ నా ఒళ్లోకి వచ్చేది.

పని కంటే దాన్ని దాచడం కష్టమైంది. మా గల్లీలో రాయి విసిరితే కాబోయే డైరెక్టరుకో, కాబోయే హీరోకో తగులుతుంది. వాళ్ల కంటబడితే నా పరువు గంగలో కలిసినట్టే. అంట్లు స్నానాలగదిలో తలుపేసుకుని తోమేవాణ్ణి. బట్టలు తెల్లారకముందే మేడమీద ఆరేసేవాణ్ణి. ఒకసారి ఎదురింటి కాబోయే పాటల రచయిత నన్ను తడి చీర చేతిలో పట్టుకుని ఉండగా చూశాడు.

"ఏంటి గురూ, ఇదేంటి?"

"సీను కోసం రీసెర్చి" అన్నాను.

మహానుభావుడు నమ్మాడు. మా పేటలో ఎవడేం చేసినా ఆ ఒక్క మాటతో చెల్లిపోతుంది.

మూడో వారం నాకేదో అయింది. తెల్లవారుజామున అత్తగారు వచ్చి లేపకముందే మెలకువ వచ్చేసింది. లేచి కూర్చుని, ఛీ ఛీ, అంట్ల కోసమా అనుకున్నాను. అంట్ల కోసమే. తడిగుడ్డతో గది మూల నుంచి వెనక్కి వెనక్కి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడితే, నా ముందు నేలంతా మెరుస్తూ, దాంట్లో ఒక్క అడుగు కూడా లేకుండా ఉంటుంది చూడండి, ఆ సుఖం నాకు ఏ ఔట్‌డోర్ షూటింగ్‌లోనూ దొరకలేదు. గిన్నె మీద మసి ముందు మొండికేస్తుంది, తర్వాత జారుతుంది, తర్వాత ఒక్కసారిగా లోపలి తెలుపు బయటికొస్తుంది. అప్పుడు నాకు ఈల వేయాలనిపించేది. వేసేవాణ్ణి కూడా. సినిమాకు రెండేళ్లు చాకిరీ చేస్తే అది బాగుందో లేదో రిలీజయ్యే శుక్రవారం దాకా తెలియదు. తెలిసినా ఒకడు బ్రహ్మాండం అంటాడు, ఒకడు తూ అంటాడు. గిన్నె సంగతి పది నిమిషాల్లో తేలిపోతుంది. ఎవడైనా కాదంటే తిప్పి చూపించొచ్చు.

అదుగో, ఆ రుచి మరిగాక కొంప మునిగింది.

అప్పుడు ఫిల్మ్‌నగర్ కొండ వెనక ఒక పేదరాలి ఇల్లు సెట్టు వేశారు. మట్టిగోడలు, కట్టెల పొయ్యి, దాని పక్కన మసిపట్టిన ఏడు సత్తు గిన్నెలు. ఆ గిన్నెల్ని ప్రాపర్టీ పెద్దాయన, అంటే సెట్టులో సామాన్లన్నీ చూసుకునే మనిషి, ఎర్రగడ్డ సంతలో వెతికి వెతికి తెచ్చాడు. కథలో కలవారింటికి వెళ్లిన కూతురు చాన్నాళ్లకు వచ్చి, ఆ నల్లటి గిన్నెలు చూసి తల్లి పేదరికం తలచుకుని ఏడవాలి. పొద్దున కూతురు వచ్చి గిన్నెలు చూసేదాకా తీశారు. తల్లి వేషం వేసే ఆవిడ ఇంకో షూటింగ్‌లో ఇరుక్కుపోవడంతో, ఏడుపు నాలుగింటికని చెప్పి అందరూ భోజనాలకు వెళ్లారు.

వెళ్లేముందు డైరెక్టరుగారు నా భుజం తట్టాడు. "సాయంత్రం నిర్మాతగారు వస్తున్నారు. ప్యాకప్ అయ్యాక కూర్చుందాం. కథ రెడీగా ఉంచుకో."

ఎనిమిదేళ్లు ఎదురుచూసిన సాయంత్రం. ఖాళీ సెట్టులో కూర్చుని కథ మనసులో చెప్పుకోవడం మొదలుపెట్టాను. ఓపెనింగ్ సీను చెప్పుకుంటున్నాను. చేతులు ఊరుకోలేదు. పొయ్యిలో బూడిద ఉంది, పక్కన కొబ్బరిపీచు ఉంది, కుళాయి ఉంది. ఇంటర్వెల్ దగ్గరికొచ్చేసరికి మూడు గిన్నెలయ్యాయి. క్లైమాక్స్‌కి ఏడూ అయ్యాయి. కథ కూడా అద్భుతంగా వచ్చింది. గిన్నెలు వరసగా బోర్లించి, చేతులు కడుక్కుని, హాయిగా వెళ్లి టీ తాగాను. ఆ సెట్టులో కంటిన్యుటీ చూడాల్సినవాణ్ణి నేనే అన్న సంగతి, పాపిష్టి బుర్రకు, టీ తాగాక కూడా తట్టలేదు.

నాలుగింటికి లైట్లు వేశారు. ఏడు గిన్నెలూ ఒక్కసారి తళుక్కుమన్నాయి.

"ఏవయ్యా, ఇది పేదరాలి వంటిల్లా, స్టీలు సామాన్ల కొట్టా?" అని డైరెక్టరుగారు అరిచాడు. "ఎవడు తోమాడు?"

అరవై మందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నిర్మాతగారి కారు అప్పుడే కొండెక్కుతోంది. డైరెక్టరుగారు తిన్నగా ప్రాపర్టీ పెద్దాయన మీద పడ్డాడు. ముసలాడివైపోయావు, రేపట్నుంచి రావద్దు పో అన్నాడు. నేను నోరు మూసుకునే ఉన్నాను. అది కూడా రాయాలి గదా, రాస్తున్నాను. నోరు మూసుకుని, నా కథ ఓపెనింగ్ సీను మళ్లీ గుర్తు చేసుకుంటున్నాను.

పెద్దాయన చాలా నెమ్మదిగా ఒక గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. "సార్, నేను తోమితే గిట్ల తోమ్తనా? ఎవడో చేతగానోడు తోమిండు. అంచు కింద మసి గట్లనే ఉంది, జర చూడుండ్రి."

"ఎక్కడుంది మసి?" అని ఎవరో గట్టిగా అరిచారు. అరిచింది నేనే. అప్పటికే ముందుకొచ్చి ఆయన చేతిలో గిన్నె లాక్కున్నాను. అంచు కింద వేలు పెట్టి చుట్టూ తిప్పి, ఆ వేలు డైరెక్టరుగారి మొహం ముందు పెట్టాను. "చూడండి సార్. ఎక్కడుంది? ఏడూ చూసుకోండి, ఎక్కడైనా ఉందేమో చూపించమనండి!"

లైట్‌మెన్ నవ్వులు మొదలయ్యాయి. పెద్దాయన మాత్రం నవ్వలేదు, నా గోళ్ల సందుల్లో మసి వైపు చూశాడు. అది ముందే చూసి ఉంటాడని నాకు ఇప్పటికీ అనుమానం.

"ఇంటికెళ్లి తోముకో" అన్నాడు డైరెక్టరుగారు. "సాయంత్రం సంగతి మర్చిపో. రేపు కూడా రానక్కర్లేదు."

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ కట్టు కాలు దిండు మీద పెట్టుకుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. జరిగింది చెప్పాను. పెన్ను కింద పెట్టింది.

"నా కాలు ఇరిగెదాక ఇంట్ల ఒక్క గ్లాసు ఎత్తకపోతివి. ముట్టొద్దన్న కాడ ఏడు గిన్నెలు తోమినవా?"

వంటింట్లోంచి అత్తగారు అందుకుంది. "గా ముసలాయన నౌకరీ పోతదని అల్లుడు ఒప్పుకున్నడు బిడ్డా. పున్నెం జేసిండు."

ఆ మాట నాకు చాలా బాగుంది. కాసేపు తల వంచుకుని పుణ్యాత్ముడిలా కూర్చున్నాను. మా ఆవిడ నన్నే చూస్తోంది.

"నిజమేనా?"

"కాదు" అన్నాను. "అంచు కింద మసి ఉందన్నాడు. లేదు."

పగలబడి నవ్వింది. దిండు మీంచి కాలు జారేంత నవ్వు. నేనూ నవ్వబోయాను గాని, ఆవిడ మధ్యలోనే ఆపేసింది.

"ఒక్క మాట అడుగుత. నువ్వు మీ డైరెక్టర్లకు రాసిచ్చిన సీన్లు ఎన్ని చింపేసి ఉంటరు, ఇన్నేండ్లల్ల?"

"చాలా."

"బాగలేదన్నప్పుడు ఎన్నడన్న గిట్ల లేచినవా? ఎక్కడ బాగలేదు, చూపియ్యుండ్రి అని ఎన్నడన్న అడిగినవా?"

వెతికాను. అవును సార్, మారుస్తాను సార్, మీరు చెప్పిందే కరెక్టు సార్. ఎనిమిదేళ్లలో ఇవి తప్ప ఇంకో మాట నా నోట వచ్చిన గుర్తు లేదు.

"లేదు" అన్నాను.

"గట్లయితే నువ్వెందుకు ఏడుస్తున్నవ్?" అంది. నేను ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది నాకు. "డైరెక్టర్ గావాలన్న ఆశ నాకుండె. నీకెన్నడు లేకుండె. పోయింది నీది గాదు, నాది."

కాలు కదపలేక మొహం మాత్రం గోడవైపు తిప్పుకుంది. చీలమండ విరిగినప్పుడు కూడా ఏడవని మనిషి వెక్కి వెక్కి ఏడ్చింది. ఊరుకోమనడానికి పక్కన కూర్చున్నాను గాని, ఆవిడ అన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా కాదనలేకపోయాను.